నలుగురేసి కూర్చుంటేనే పురుషుల సహవాసం

తెలుగు సంఘాల్లో స్త్రీల కూడిక దానంతట అదే నడుస్తుంది. శుక్రవారం ఉపవాస ప్రార్థన అన్నా, వీధిలో కుటీర కూడిక అన్నా పదిమంది చేరతారు. ఎవరి పిల్లకు సంబంధం కుదిరిందో, ఎవరికి ఆపరేషనో వాళ్లకు తెలిసే ఉంటుంది. పురుషుల సహవాసం మాత్రం చాలాచోట్ల కాగితం మీదే బతుకుతుంది. అధ్యక్షుడు, కార్యదర్శి, కోశాధికారి ఉంటారు. ఏడాదికోసారి పురుషుల ఆదివారం వస్తుంది, ఆ రోజు మగవాళ్ల గాయక బృందం ఒక పాట పాడుతుంది, బయటి ఊరి దైవసేవకుడు ప్రసంగిస్తాడు, ప్రేమవిందు జరుగుతుంది. మర్నాటి నుంచి ఎవరి దారి వాళ్లది. అదే సంఘంలో ఒకాయన ఐదు రూపాయల వడ్డీ కడుతూ కుంగిపోతున్న సంగతి ఆయన పక్కనే కూర్చుని పాటల పుస్తకం పంచుకునే మనిషికి తెలియదు. ఇంటికి తాళం పడ్డాక తెలుస్తుంది.

నెలవారీ సభ చుట్టూ పురుషుల పరిచర్యను కట్టినంత కాలం ఇది మారదు. వారం వారం కూర్చునే నలుగురేసి మనుషుల జట్లు ముందు నిలబడాలి. సభ, విందు, సేవ ఏదైనా వాటి మీద లేవాలి. ఆ జట్లను ఎలా కట్టాలో, అవి ఎక్కడ కూలుతాయో ఇక్కడ వివరంగా రాస్తున్నాం.

ఈ పద్ధతి పాతదే. ఇంగ్లండులో మెథడిస్టు ఉద్యమం మొదలుపెట్టిన జాన్ వెస్లీ 1738 డిసెంబరు 25న చిన్న గుంపులకు నియమాలు రాశారు. వారానికి ఒకసారైనా కలవాలి, చెప్పిన సమయానికి రావాలి, కిందటి కూడిక తర్వాత ఏ పాపం చేశావో, ఏ శోధన ఎదురైందో, దాని నుంచి ఎలా తప్పించుకున్నావో ఒకరికొకరు చెప్పుకోవాలి అన్నవి వాటిలో ముఖ్యమైనవి. 1742లో బ్రిస్టల్‌లో ప్రార్థనా మందిరం అప్పు తీర్చడానికి 12 మందికి ఒక నాయకుణ్ణి పెట్టి, మనిషికి వారానికి ఒక పెన్నీ వసూలు చేయించారు. పెన్నీ కోసం ఇల్లిల్లూ తిరిగిన నాయకుల కంట ఆ ఇళ్లలోని తగువులూ తాగుళ్లూ పడ్డాయి. అప్పు కోసం పెట్టిన ఏర్పాటు అలా కాపరిత్వమైంది. 1844 జూన్ 6న లండన్‌లో బట్టల కొట్లో పనిచేసే జార్జి విలియమ్స్, ఆయన తోటివాళ్లు కలిసి వై.ఎం.సి.ఎ. (క్రైస్తవ యువకుల సంఘం) మొదలుపెట్టినప్పుడు ఆ గదిలో ఉన్నదీ 12 మందే. ఆ వై.ఎం.సి.ఎ.లోనే 1895 నుంచి 1909 వరకు కార్యదర్శిగా పనిచేసిన వి.ఎస్. అజరయ్య 1912 డిసెంబరు 29న దోర్నకల్ బిషప్పు అయ్యారు. వెస్లీ బాటలో నడిచే వెస్లియన్ మిషన్ నాటిన మెదక్ ప్రాంతపు సంఘాలు 1947లో దక్షిణ ఇండియా సంఘంలో (సి.ఎస్.ఐ.) కలిశాయి. అంటే ఈ చిన్న గుంపుల వారసత్వం మన తెలుగు సంఘాల పునాదిలోనే ఉంది.

నలుగురే ఎందుకంటే, ముగ్గురి జట్టులో ఒకడు రాకపోతే మిగిలిన ఇద్దరూ లోకాభిరామాయణంలో పడతారు. ఆరుగురైతే ఇద్దరు మాట్లాడకుండా గడిపేయవచ్చు, ఎవరూ గమనించరు. నలుగురిలో ఒకడు ఊరికెళ్లినా ముగ్గురు మిగులుతారు, ప్రతివాడికీ పది నిమిషాలు దక్కుతాయి. మార్కు సువార్త 2వ అధ్యాయంలో పక్షవాయువుగల మనిషిని మంచంతో సహా ఎత్తుకొచ్చి, ఇంటికప్పు విప్పి దింపినవాళ్లూ నలుగురే. పరుపుకు నాలుగు మూలలుంటాయి కదా.

జట్లు కట్టేటప్పుడే సగం తప్పులు జరిగిపోతాయి. హాజరు పట్టీ తీసి వరసగా నాలుగేసి పేర్లు చదివితే రెండు వారాల్లో విడిపోతాయి. ఎవరికి నచ్చినవాళ్లతో వాళ్లు కూర్చోమంటే బావలూ బావమరుదులూ ఒకచోట చేరతారు, ఇంటి సంగతి ఇంట్లోవాళ్ల ముందు ఎవరూ విప్పరు. బాగా పనిచేసే దారి ఏమిటంటే, ప్రతి ఒక్కరూ తను నమ్మే మూడు పేర్లు చీటీ మీద రాసి మడిచి ఇవ్వాలి. ఆ చీటీలు చూసేది ఒక్కరే. ప్రతి మనిషికీ తను రాసిన పేర్లలో కనీసం ఒకటి దక్కేలా ఆయన జట్లు వేస్తాడు. ఒకే జట్టులో ఉండకూడని జంటలు కొన్ని ఉన్నాయి: యజమానీ అతని దగ్గర పనిచేసేవాడూ, అప్పిచ్చినవాడూ తీసుకున్నవాడూ, తండ్రీ కొడుకులు, వియ్యంకులు, పాస్టరు గారూ ఆయన జీతం నిర్ణయించే కమిటీ సభ్యుడూ.

ఇంకొకటి ఉంది, దాన్ని దాచిపెట్టి లాభం లేదు. చాలా సంఘాలు పేటల వారీగా కూర్చుంటాయి. ఎవరూ కులం పేరు ఎత్తరు, కానీ ఆ పేటవాళ్లు ఈ పేటవాళ్ల ఇంట్లో భోంచేసి ఎన్నేళ్లయిందో అందరికీ తెలుసు. ప్రభువు బల్ల దగ్గర ఒకే పాత్రలోంచి తాగి, బయటికొచ్చాక వేరువేరు అరుగుల మీద కూర్చోవడం కంటే సిగ్గుపడాల్సింది క్రైస్తవ పురుషుడికి ఏముంది? ప్రతి జట్టులో రెండు పేటలవాళ్లూ ఉండాలన్నది మొదటి రోజే నియమంగా పెట్టండి. తర్వాత పెట్టబోతే ఫలానా ఇంటివాళ్లను ఉద్దేశించే పెట్టారంటారు.

వయసులో తేడా ఉంటే మంచిది, ముప్ఫై లోపువాడు ఒకడు, యాభై దాటినవాడు ఒకడు. అయితే దీంతో మనకు ప్రత్యేకంగా వచ్చే చిక్కు ఒకటుంది. ఇరవయ్యారేళ్ల కుర్రాడు 'బాబాయ్' అని పిలిచే మనిషిని 'ఈ వారం తాగారా' అని ఎలా అడుగుతాడు? అడగలేడు, అడిగితే పెద్దాయన నొచ్చుకుంటాడు. అందుకని ప్రశ్నలు కార్డు మీద అచ్చు వేయించాలి. కార్డు వంతులవారీగా చేతులు మారుతుంది, ఎవరి చేతిలో ఉంటే వాళ్లు ఉన్నది ఉన్నట్టు చదువుతారు. అడిగింది కార్డే గనక మర్యాద నిలుస్తుంది, ప్రశ్న కూడా తప్పదు. చూడ్డానికి చిన్న ఏర్పాటే గానీ ఇది లేకపోతే పెద్దవాళ్లున్న ఏ జట్టూ లోతుకు పోదు.

కూడికకు గంటంబావు చాలు. పది నిమిషాలు టీ, ఇరవై నిమిషాలు వాక్యం, నలభై నిమిషాలు నలుగురి మాటలు, చివరి ఐదు నిమిషాలు ప్రార్థన. ప్రార్థన పొట్టిగా ఉండాలి, ప్రతివాడూ తన పక్కవాడి కోసం రెండు వాక్యాలు. సాయంత్రం ఏడుకి పెడితే పొలం నుంచి వచ్చేవాళ్లకూ షిఫ్టు పనివాళ్లకూ కుదరదు. ఆదివారం తెల్లవారుజామున ఐదున్నర ఎక్కువమందికి కుదిరే సమయం. చోటు గుడి హాలు కాకుండా చూడండి. అక్కడికి వస్తే మనిషి గొంతు దానంతట అదే ప్రసంగం గొంతు అయిపోతుంది. ఇల్లు కూడా వద్దు, భార్య వంటింట్లోంచి వింటుందని ఆయన నోరు విప్పడు, ఆమెకేమో టీ పెట్టే పని తగులుతుంది. డాబా మీద, పొలం గట్టున, తెరవని కొట్టు ముందు అరుగు మీద కూర్చోండి. ఫోన్లన్నీ ఒక సంచిలో వేసి పక్కన పెట్టండి.

వాక్యానికి మొదటి విడత మార్కు సువార్త. 16 అధ్యాయాలు, వారానికొకటి, మధ్యలో పండుగలు తగిలినా నాలుగున్నర నెలల్లో అయిపోతుంది. రెండో విడత నెహెమ్యా, కూలిన యెరూషలేము గోడను మళ్లీ కట్టిన కథ, 13 అధ్యాయాలు. అందులో మూడో అధ్యాయం పేర్ల పట్టీలా కనిపిస్తుందని చాలామంది దాటేస్తారు. మగవాళ్లు నెమ్మదిగా చదవాల్సింది అదే. ఎవరు ఏ గుమ్మం కట్టారో, ఎవరు తమ ఇంటికి ఎదురుగా ఉన్న గోడను బాగుచేశారో, తెకోవ ఊరి ఘనులు పనికి మెడ వంచకపోవడం కూడా అక్కడ రాసి ఉంది. వంతులవారీగా పైకి చదవాలి. చదవడం రానివాళ్లుంటే ఫోన్‌లో ఆడియో బైబిలు పెట్టి నలుగురూ వినండి, ఎవరికి రాదో బయటపెట్టే పని లేదు. తర్వాత ప్రతివాడూ ఒక్క మాట చెప్పాలి, ఇది విన్నాక వచ్చే ఆదివారం లోపు నేను ఫలానా రోజు ఫలానా పని చేస్తాను అని. 'ప్రేమగా ఉంటాను' అన్నది లెక్కలోకి రాదు. 'బుధవారం సాయంత్రం అన్నయ్య ఇంటికి వెళ్లి గట్టు తగాదా మాట్లాడతాను' అన్నది వస్తుంది. వాక్యాలు అన్నిటికంటే ఎక్కువ తెలిసినవాడి వల్లే జట్టుకు ఎక్కువ ప్రమాదం. అతను వివరించడం మొదలుపెడితే మిగతా ముగ్గురూ శ్రోతలైపోతారు. అతనికి సమయం చూసే పని అప్పగించండి.

కార్డు మీది ప్రశ్నలు లెక్కలో జవాబు వచ్చేలా ఉండాలి. 'ఎలా ఉన్నావు' అంటే మనవాళ్లందరి జవాబూ ఒకటే, 'దేవుని కృపవల్ల బాగున్నాం'. దాని కింద ఎంత బాధైనా దాగుతుంది. ఆరు ప్రశ్నలు సరిపోతాయి. ఈ వారం ఇంట్లో ఎన్నిసార్లు గొంతు పెంచావు, ఎవరి మీద? కొత్తగా అప్పు చేశావా, ఎవరికైనా హామీ సంతకం పెట్టావా? ఫోన్‌లో నీ భార్య పక్కన కూర్చుని చూడలేనిది ఎన్నిసార్లు చూశావు? మందు, పేకాట, బెట్టింగ్ యాప్, వీటిలో దేని మీద ఎంత ఖర్చయింది? పిల్లలతోనో, ముసలి తల్లిదండ్రులతోనో ఫోన్ పక్కన పెట్టి గడిపిన గంట ఏ రోజు? ఇప్పుడు చెప్పిన జవాబుల్లో ఏదైనా అబద్ధం ఉందా? చివరిదాన్ని తీసేయాలని ప్రతి జట్టూ ఒకసారి అడుగుతుంది, తీయకండి. చాలాసార్లు అసలు మాట ఆ ప్రశ్న తర్వాతే వస్తుంది.

ఈ కార్డును మొదటి వారమే బయటికి తీయకూడదు. మొదటి నాలుగు వారాలూ, వారానికొకరు చొప్పున, తమ జీవితం చెప్పుకోవాలి. పుట్టిన ఊరు, నాన్న ఎలాంటివాడు, మొదటి జీతం, మారుమనస్సు, చెయ్యలేకపోయిన పని. ఐదో ఆరో వారాల్లో నలుగురూ కలిసి ఏదైనా చేతిపని చేయాలి. కార్డు ఏడో వారం నుంచి. తొందరపడి మొదటి కూడికలోనే అన్నీ ఒప్పుకున్న మనిషి ఇంటికెళ్లి సిగ్గుతో కుంగి రెండో వారం రాడు. యాకోబు 5:16 పాపాలు ఒకరితో ఒకరు ఒప్పుకొమ్మంటుంది, ఒకరి కోసం ఒకరు ప్రార్థించమని కూడా అదే వచనం అంటుంది. రెండోది కొంతకాలం జరిగాకే మొదటిది సాధ్యమవుతుంది.

ఇక గుట్టు సంగతి. మన దగ్గర గుట్టు రట్టయ్యేది ఎక్కువగా ప్రార్థన అంశం రూపంలో. 'ఫలానా సహోదరుడి కుటుంబంలో సమాధానం కోసం ప్రార్థించండి' అని ఎవరో వాట్సాప్ గ్రూపులో పెడతారు, గంటలో ఊరంతా ఆరా తీస్తుంది. జట్టులో విన్నది ప్రార్థనగా కూడా బయటికి పోకూడదు. పాస్టరు గారికైనా సరే, చెప్పాలనుకుంటే ఆ మనిషే చెప్పుకోవాలి. ఇంట్లో భార్యకు తన సంగతి చెప్పవచ్చు, మిగతా ముగ్గురివీ చెప్పకూడదు. దీనికి మూడు మినహాయింపులున్నాయి, వాటిని మొదటి రోజే అందరి ముందూ చదివి వినిపించాలి.

మొదటిది పిల్లల మీద లైంగిక హింస. అది తెలిసినవాళ్లెవరైనా పోలీసులకు తెలపాలని 2012 నాటి పోక్సో చట్టం చెబుతుంది, సంఘం పరువు పేరుతో దాన్ని దాచే హక్కు ఎవరికీ లేదు. పిల్లల సహాయానికి 1098. రెండోది, మనిషి చచ్చిపోవాలనుకుంటున్నాడన్న అనుమానం. సూటిగా అడగండి, 'చచ్చిపోవాలనిపిస్తోందా' అని. అడగడం వల్ల లేని ఆలోచన పుట్టదు. అవునంటే ఒంటరిగా వదలకండి, ఇంట్లో పురుగుమందు డబ్బాలుంటే ఆ రాత్రే తెచ్చేసి వేరేచోట పెట్టండి, ఆస్పత్రికి తీసుకెళ్లండి. ప్రభుత్వ మానసిక ఆరోగ్య సహాయ లైను టెలి మానస్ నంబరు 14416, తెలుగులో మాట్లాడతారు. 'విశ్వాసికి ఇలాంటి ఆలోచనలా' అన్న మాట ఆ గదిలో వినిపించకూడదు. ఏలీయా బదరీచెట్టు కింద కూర్చుని తన ప్రాణం తీసేయమని అడిగినప్పుడు దేవుడు గద్దించలేదు, రొట్టె పెట్టి, నీళ్లిచ్చి నిద్రపోనిచ్చాడు.

మూడోది భార్యను కొట్టడం. ఇక్కడ సంఘాలు చేసే తప్పు చాలా పెద్దది. పెద్దమనుషులు వెళ్లి ఇద్దరినీ ఎదురెదురుగా కూర్చోబెట్టి, తప్పు ఇద్దరిదీ అని తేల్చి, చేతులు కలిపించి ప్రార్థన చేసి వస్తారు. ఆమె అందరి ముందూ చెప్పిన ప్రతి మాటకూ ఆ రాత్రి మళ్లీ దెబ్బలు పడతాయి. ఇద్దరినీ ఒకచోట కూర్చోబెట్టకండి. ఆమెతో ఒక స్త్రీ విడిగా మాట్లాడాలి, స్త్రీల సహాయ నంబరు 181 గురించీ, హింసకు గురైన స్త్రీలకు సాయపడే జిల్లా సఖి కేంద్రం గురించీ తెలియజెప్పాలి, వెళ్లాలో ఉండాలో నిర్ణయం ఆమెదే. అతనితో జట్టు మాట్లాడాలి, కోపం వచ్చిందన్న సాకు ఒప్పుకోకుండా. బయట పైఅధికారి మీద రాని కోపం ఇంట్లోనే ఎందుకొస్తోందో అడగాలి. సంఘంలో అతనికున్న పదవి ఆ రోజే పోవాలి. 1 తిమోతి 3వ అధ్యాయం అధ్యక్షుడు కొట్టేవాడై ఉండకూడదని స్పష్టంగా రాసింది, దానికి ఓటింగు అక్కర్లేదు.

తాగుడు విషయంలో ఉత్సాహమే ప్రమాదం తెస్తుంది. కూడికలో ఏడ్చి, మోకరించి, 'ఈ రోజుతో మానేశాను' అని ఒప్పందం చేసిన మనిషిని చూసి అందరూ హల్లెలూయా అంటారు. ఏళ్ల తరబడి రోజూ ఎక్కువగా తాగేవాడు ఒక్కసారిగా ఆపేస్తే మొదటి రోజే చేతులు వణుకుతాయి, చెమటలు పడతాయి. రెండు రోజుల్లోపు మూర్ఛ రావచ్చు. రెండు మూడు రోజుల మధ్య మతి తప్పి, లేనివి కనపడటం మొదలైతే ప్రాణం మీదికే వస్తుంది. దాన్ని దయ్యం అనుకుని నూనె రాస్తూ కూర్చున్న చోట మనుషులు చనిపోతారు. ఒప్పందం చేసిన సాయంత్రమే ప్రభుత్వాసుపత్రి మానసిక వైద్య విభాగానికి తీసుకెళ్లాలి, డాక్టరు ఇచ్చిన మందులతో మాన్పించాలి. సలహాకు జాతీయ సహాయ నంబరు 14446. జట్టు పని ఆ తర్వాత మొదలవుతుంది. జీతం వచ్చే రోజు సాయంత్రం అతనితో ఎవరు ఉండాలి, పెళ్లి విందులో పక్కన ఎవరు కూర్చోవాలి, మళ్లీ తాగితే మొదటి ఫోను ఎవరికి చేయాలి అన్నది పేర్లతో సహా ముందే రాసుకోవాలి. మళ్లీ తాగడం జరుగుతుంది. ఆ రోజు అతను జట్టుకు మొహం చూపించగలిగితే మిగతా దారి ఉంటుంది. 1992లో నెల్లూరు జిల్లా దూబగుంటలో సారా మీద తిరగబడింది ఆడవాళ్లు. ఉద్యమం పాకి 1993లో సారా, 1995లో మద్యం నిషేధమయ్యాయి, 1997లో మద్యం మళ్లీ వచ్చింది. మగవాడి పక్కన మగవాడు కూర్చుని చేయాల్సిన పని అప్పుడూ మిగిలిపోయింది, ఇప్పుడూ మిగిలే ఉంది.

అప్పు గురించి మగవాళ్లు పాపం కంటే గుట్టుగా ఉంటారు. అందుకే దీనికి ఒక పూట ప్రత్యేకంగా కేటాయించండి. ఒక తెల్లకాగితం మీద ఐదు గళ్లు గీయండి: ఎవరికి, అసలు ఎంత, ఎన్ని రూపాయల వడ్డీ, కాగితం ఏమిటి, భార్యకు తెలుసా. లెక్క పైకి చెప్పించండి. 40,000 మీద ఐదు రూపాయల వడ్డీ అంటే నెలకు 2,000, ఏడాదికి 24,000. రెండేళ్లు కట్టేసరికి అసలు దాటిపోతుంది, అయినా 40,000 అలాగే ఉంటుంది. ఈ అంకె పైకి చదివినప్పుడు చాలామందికి మొదటిసారి అర్థమవుతుంది. ముందు ఎక్కువ వడ్డీ అప్పు తీర్చాలి. బంగారం ఉంటే బ్యాంకులో పెట్టి తక్కువ వడ్డీకి మార్చుకోవడం మేలు, అది భార్య ఒప్పుకుంటేనే. ఆమెకు చెప్పకుండా ఆమె డ్వాక్రా అప్పు వాడుకోవడం దొంగతనం కిందికే వస్తుంది. కట్టిన ప్రతిసారీ ప్రామిసరీ నోటు వెనక జమ రాయించుకోవాలి, పూర్తయ్యాక నోటు వెనక్కి తీసుకోవాలి. ఖాళీ నోటు మీద సంతకం ఎవరికీ చేయకూడదు. జట్టులోనివాళ్లు ఒకరికొకరు అప్పు ఇచ్చుకోకూడదు, హామీ పడకూడదు, చీటీలు కట్టకూడదు. సామెతలు 6వ అధ్యాయం మొదటి ఐదు వచనాలూ హామీ ఉన్నవాడిని వేటకాడి చేతిలోంచి జింక తప్పించుకున్నట్టు తప్పించుకొమ్మంటాయి.

మరి సహాయం ఎలా? సహవాసానికి ఒక నిధి ఉండాలి, మనిషికి నెలకు 100 రూపాయలు. ఇచ్చేది బహుమానంగానే ఇవ్వాలి, తిరిగి అడగకూడదు. అప్పుగా ఇస్తే తీర్చలేనివాడు గుడికి రావడం మానేస్తాడు, డబ్బూ మనిషీ రెండూ పోతాయి. 3,000 లోపు ముగ్గురు కలిసి ఆ రోజే ఇవ్వగలగాలి, అంతకు మించితే కమిటీలో పెట్టాలి. డబ్బు సంఘం ఖాతాలోనే విడి పద్దుగా ఉండాలి, ఎవరి సొంత ఫోన్‌పేలోనూ ఉండకూడదు. మూడు నెలలకోసారి ఖర్చు అంకెలు గోడకు అంటించండి, సాయం పొందినవాళ్ల పేర్లు మాత్రం వేయకండి.

చేతిపని గురించి పైన అన్నాం. మగవాళ్లు ఎదురెదురుగా కూర్చుని చెప్పలేనివి పక్కపక్కన పని చేస్తూ చెప్పుకుంటారు. సంఘంలో మగవాళ్ల చేతికి అన్నిటికంటే అవసరమైన పని సమాధి. కిరాయికి మనుషులను పెట్టే అలవాటు పల్లెల్లో కూడా వచ్చేసింది, కానీ ఒక సహోదరుడి గుంట తోటివాళ్లు తవ్వితే ఆ కుటుంబం దాన్ని మర్చిపోదు. గునపాలు రెండు, పారలు మూడు, తట్టలు నాలుగు, ఇరవై అడుగుల మోకులు మూడు సంఘం గదిలో సిద్ధంగా ఉండాలి. గుంట ఏడడుగుల పొడవు, మూడడుగుల వెడల్పు, ఐదడుగుల లోతు. ముందు పెట్టె కొలత తెప్పించుకోండి, పిడులతో కలిపి కొలవాలి. పిడులు పట్టక గుంట దగ్గర మళ్లీ తవ్వాల్సి రావడం ఆ కుటుంబానికి నరకం. తీసిన మట్టి అంచు నుంచి రెండడుగుల అవతల పోయాలి. నల్లరేగడిలో, వానల్లో పక్కలు విరిగిపడతాయి, ఛాతీ లోతు దాటాక లోపల మనిషి ఉన్నంతసేపూ పైన ఇద్దరు నిలబడాలి. గుంట మీద అడ్డంగా రెండు గట్టి వాసాలు వేసి ముందు పెట్టెను వాటి మీద ఆపండి. మూడు మోకులకు ఆరుగురు. ఒక్కడే 'నెమ్మదిగా' అని చెప్పాలి, అందరూ చెబితే తలవైపు ముందు దిగిపోతుంది. నవంబరు 2 సమాధుల పండుగకు ముందు శనివారం, ఈస్టరుకు ముందు శనివారం సమాధుల తోట శుభ్రం చేయడం కూడా ఈ జట్ల పనే.

సమాధి అయ్యాక మిగిలే పనిలో మగవాళ్లు మాయమవుతారు. 21 రోజుల్లోపు పంచాయతీలోనో మున్సిపాలిటీలోనో మరణం నమోదు చేయించాలి, ఆ గడువు దాటితే రుసుములూ తిరుగుడూ పెరుగుతాయి. చనిపోయిన వ్యక్తి బ్యాంకు పాసుపుస్తకంలో మే, జూన్ నెలల పేజీలు చూడండి. 436 రూపాయలు కోసుకుని ఉంటే ప్రధానమంత్రి జీవన్ జ్యోతి బీమా ఉన్నట్టు, 20 రూపాయలు కోసుకుని ఉంటే ప్రమాద బీమా ఉన్నట్టు. రెండిటికీ రెండు లక్షల వరకు వస్తుంది, ప్రమాద బీమా ప్రమాదంలో పోతేనే. ఆ విధవరాలికి ఈ సంగతి ఎవరూ చెప్పరు. ఒక జట్టు ఆరు వారాలపాటు ఆమె కాగితాల పని పూర్తిగా భుజాన వేసుకోవాలి. బ్యాంకుకు వెళ్లేటప్పుడు తోడుగా ఒక స్త్రీ కూడా ఉండాలి.

విందు వంట మగవాళ్లే చేయాలి. పురుషుల కూడికకు స్త్రీలు తెల్లవారుజామున లేచి వండితే ఆ కూడిక నేర్పేదేమీ లేదు. ముప్ఫై మందికి ఉప్మా: బొంబాయి రవ్వ రెండున్నర కిలోలు, నీళ్లు ఏడు లీటర్లు, ఉల్లిపాయలు కిలో, పచ్చిమిర్చి, అల్లం వందేసి గ్రాములు, వేరుశనగపప్పు పావుకిలో, నూనె అర లీటరు. ఉప్పు 75 గ్రాములతో మొదలుపెట్టి ఎసరు రుచి చూడండి. రవ్వను ముందే దోరగా వేయించి, మరుగుతున్న నీళ్లలో ఒకడు సన్నగా పోస్తుంటే ఒకడు ఆపకుండా తిప్పాలి. ఒక్కసారి కుమ్మరిస్తే ఉండలు కడుతుంది. గిన్నెలు కడిగాకే కూడిక ముగిసినట్టు.

గల్ఫులో ఉన్నవాళ్లను వదలకండి. కోనసీమ, కడప వైపు నుంచి కువైట్ వెళ్లినవాళ్లకు శుక్రవారం సెలవు. మనకు ఉదయం పదిన్నర అంటే అక్కడ ఎనిమిది. నలుగురిలో ఒకడు దూరంగా ఉన్నా ఫోన్‌లో జట్టు నడుస్తుంది, వీడియో లేకుండా మాట మాత్రమే పెడితే ఇంకా బాగా మాట్లాడతారు. గదిలో ఆరుగురితో ఉండేవాడికి ఒంటరిగా మాట్లాడే చోటు దొరకదు, బయట నడుస్తూ మాట్లాడమనండి.

పదవుల సంగతి కొంచెం చెప్పాలి. సంఘాన్ని నడిపే పాస్టొరేట్ కమిటీకి ఎన్నికలు వచ్చే ఏడాది పురుషుల సహవాసం ఓట్ల గుంపుగా మారిపోవడం అందరూ చూస్తున్నదే. కార్యదర్శి పదవి రెండేళ్లు, మళ్లీ వెంటనే అదే మనిషి వద్దు. కమిటీకి పోటీ చేయదలచినవాడు ఆరు నెలల ముందే సహవాసం పదవి వదలాలి. జట్ల సమన్వయం చూసేవాడు ఎవరు వచ్చారో మాత్రమే అడగాలి, ఏం మాట్లాడుకున్నారో అడగకూడదు.

మొదలుపెట్టేటప్పుడు సంఘమంతటికీ ప్రకటన చేయకండి. రెండు జట్లు, ఎనిమిది మంది చాలు. మార్కు సువార్త 16 వారాలూ ముగిశాక నెల రోజులు ఆపండి. ఆ నెలలో ఎవరైనా కారణం చెప్పకుండా తప్పుకోవచ్చు, ఎందుకని ఎవరూ అడగకూడదు. మిగిలినవాళ్లలో ఇద్దరిద్దరు విడిపోయి కొత్తగా ఇద్దరేసి మనుషులను కలుపుకోవాలి. విడిపోవడం వాళ్లకు బాధగా ఉంటుంది, ఇప్పుడే మాట కలిసింది అంటారు. పాత జట్టు నెలకోసారి ఉప్మా దగ్గర కలుస్తుంది, కార్డు మాత్రం కొత్త జట్టుతో వెళ్తుంది.